ఛార్జి లిస్టు

శుక్రవారం పొద్దున కూడా ప్రేమరాజు మాస్టారు టీ ముట్టుకోలేదు.

మూడు రోజులుగా ఆ ఇంట్లో ఇదే వరస. కూతురు కెజియా టీ పెట్టి తండ్రి ముందుంచడం, అది మీగడ కట్టడం, తల్లి డ్యూటీ నుంచి వచ్చి దాన్ని సింకులో పారబోయడం. అలిగిన మనిషిని బతిమాలే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. ఆ సంగతి మాస్టారికీ తెలుసు. అయినా మొదలుపెట్టిన అలకని మధ్యలో మానేస్తే పరువేం కావాలని, పట్టుదలగా గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

జాయ్సీ నైట్ డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. సౌదీ కొండల మధ్య ఊరు ఖమీస్ ముషైత్ మీద మంచు ఇంకా విడలేదు. ఆస్పత్రి బస్సు లైట్లు వేసుకునే వచ్చింది. లిఫ్టు పాడై పది రోజులైనా బాగుచేసే నాథుడు లేడు. మూడంతస్తులూ ఎక్కి, బూట్లు విప్పి, సోఫాలో కూలబడి కళ్లు మూసుకుంది.

"మస్తాన్ నాలుగింటికి ఫోన్ చేస్తానన్నాడు" అన్నారు మాస్టారు.

ఆమె కాళ్లు సోఫా మీదికి లాక్కుంది.

"ఇక్కడి టైము ప్రకారమే. నీ నోటితో ఒక్క మాట వింటే చాలంట. సోమవారం నుంచి నామినేషన్లు."

"నా నోటితో వినాలన్న బుద్ధి ఫ్లెక్సీ కట్టకముందు ఉండాల్సిందండీ" అంది జాయ్సీ కళ్లు తెరవకుండానే.

ఆ ఫ్లెక్సీయే ఈ ఇంటి మీద పడ్డ పిడుగు. మంగళవారం ఆమె వార్డులో మందుల ట్రాలీ తోసుకుపోతుండగా, ఊళ్లో ఆశా వర్కరుగా చేసే సుందరి ఒక ఫోటో పంపింది. బస్టాపు దగ్గర కట్టిన ఫ్లెక్సీ. 'వేములదిబ్బ సర్పంచ్ అభ్యర్థి శ్రీమతి జాయ్సీ ప్రేమరాజు'. నిరుడు కెజియా పుట్టినరోజున దిగిన ఫోటోలోంచి ఆమెని కత్తిరించి అతికించారు. భుజం దగ్గర కేకు ముక్క కూడా వచ్చింది. పక్కన చేతులు జోడించిన మాస్టారి ఫోటో, ఆమె ఫోటోకి రెండింతలుంది. తాను ఎన్నికల్లో నిలబడుతున్నట్టు జాయ్సీకి తెలిసింది అప్పుడే.

ఈసారి ఊరు మహిళలకి రిజర్వయింది. మాస్టారు నిలబడే దారి లేదు. ఆయన పాత శిష్యుడు, ఇప్పుడు మండలంలో పార్టీ పనులు చక్కబెడుతున్న మస్తాన్, మేడం గారిని నిలబెడదాం సార్ అన్నాడు. మాస్టారు ఆ ఫోన్‌లోనే సరే అన్నారు. భార్యని ఒక మాట అడగాలని ఆయనకి తట్టలేదు. తట్టి ఉంటే ఆశ్చర్యపోవాలి గానీ, తట్టకపోతే మనకేం వింత.

ఆయన తీరే అంత. పద్నాలుగేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పారు. ఆయన పాఠం చెబితే వెనక బెంచీ వాడు కూడా పార్లమెంటులో కూర్చున్నట్టు నిటారుగా కూర్చునేవాడు. అలాంటి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి సర్పంచ్‌గా నిలబడితే ఊరు ఆయన్ని గెలిపించి భుజాల మీద ఊరేగించింది. ఆ భుజాల మీద నుంచి చూస్తే ఆయనకి అసెంబ్లీ కనబడింది. టికెట్ కోసం చెప్పిన పనల్లా చేస్తూ ఏళ్ల తరబడి పార్టీ ఆఫీసు వరండాల్లో కూర్చున్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. టికెట్ వేరేవాళ్లకి పోయింది. సరే, ఊరైనా చాలనుకుని మళ్లీ సర్పంచ్‌కే నిలబడితే, తన దగ్గర చదువుకున్న రాజ్‌కుమార్ ముప్ఫయ్యొక్క ఓట్లతో ఓడించాడు.

ఆయన రాజీనామా ఇచ్చిన ఏడాదే ఇల్లు గడవాలని జాయ్సీ సౌదీ వచ్చింది. ఓడిపోయిన మరుసటి ఏడాది ఇంకేమీ తోచక ఆయన కూడా కూతుర్ని తీసుకుని వచ్చారు. ఇక్కడ ఆయన భార్య ఇకామా, అంటే నివాస పర్మిట్టు మీద డిపెండెంటు. నలుగురు పిల్లలకి ఇంట్లో ట్యూషన్ చెబుతారు. దేశం దాటాలంటే జాయ్సీ తన ఫోన్‌లో అబ్షర్ అనే సర్కారు యాప్ తెరిచి ఆయన పేరు మీద ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే వెళ్లి తిరిగొచ్చే అనుమతి తీయాలి. ఒకప్పుడు కులం సర్టిఫికెట్టు కావాలన్నా ఇంటి పన్ను రసీదు కావాలన్నా ఆయన గుమ్మం ముందు జనం నిలబడేవారు. ఇప్పుడు ఆయన భార్య బొటనవేలి ముందు నిలబడ్డారు. మూడు రోజుల అలకకి మూలం అది కూడా.

"నువ్వు చేయాల్సిందేమీ లేదు జాయ్సీ" అన్నారు మాస్టారు, గొంతు కాస్త దించి. "ఇద్దరికీ రీఎంట్రీ తియ్యి. వచ్చి నామినేషన్ మీద సంతకం పెట్టు. తిరిగేది నేను, మాట్లాడేది నేను."

"గెలిస్తే?"

"గెలిస్తే ఏముంది. సంతకాలు పెట్టటమే."

"మీరు ఎక్కడ పెట్టమంటే అక్కడా?"

"నేనుంటానుగా పక్కన."

వంటింటి గుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటున్న కెజియా బ్రష్ తీసి, "డాడీ, అభ్యర్థి ఒప్పుకోకుండా నామినేషన్ చెల్లదని మొన్న ట్యూషన్‌లో మీరే చెప్పారు" అంది. ఆ పిల్లకి పదిహేనేళ్లు. ఈ ఏడు పదో తరగతి. అమాయకంగా అన్నదో, కావాలనే అన్నదో ఇద్దరికీ అంతుబట్టలేదు. మాస్టారు కూతురి వైపు తిరిగేలోపే జాయ్సీ లేచి వెళ్లి పడుకుంది.

పడుకుందే గానీ నిద్ర పట్టలేదు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన ఒంటికి నిద్ర కావాలి. మనసు మాత్రం ఊళ్లోకి, ఆ రెండు గదుల దగ్గరికి పోయింది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మాస్టారిని పదవి పేరు చెప్పి అడిగింది ఒక్కటే. ఊళ్లో నాలుగు మంచాలుండే ఆరోగ్య కేంద్రం. ఆయన కట్టించారు కూడా. రెండు గదులు, ముందు వరండా, గోడకి ఆయన పేరు చెక్కిన రాయి. కట్టడం అయింది గానీ నర్సు రాలేదు. రెండేళ్లు గడిచేసరికి అందులో పార్టీ మీటింగుల కుర్చీలు, బల్లలు చేరాయి. తాళంచెవి మాస్టారి ఇంట్లోనే ఉండిపోయింది. ఎన్నికల్లో ఓడిపోయాక కూడా అక్కడే ఉంది.

అప్పుడే కరోనా రెండోసారి ఊరి మీద పడింది. ఇక్కడ ఆస్పత్రిలో పన్నెండు గంటలు నిలబడి వచ్చి, జాయ్సీ ఫోన్‌లో ఊరికి వైద్యం చెప్పేది. సుందరి వేలికి మిషన్ పెట్టి అంకె చూపిస్తే, ఎవర్ని బోర్లా పడుకోబెట్టాలో, ఎవర్ని వెంటనే చీరాల ఆస్పత్రికి తీసుకుపోవాలో ఆమె చెప్పేది. ఊళ్లో ఇప్పటికీ దాన్ని జాయ్సీ ఫోను అంటారు.

మస్తాన్ వాళ్ల అమ్మ మదార్బీకి ఊపిరందడం లేదన్న రోజున కూడా ఆమె ఫోన్‌లోనే ఉంది. ఎవరో దాత ఇచ్చిన ఆక్సిజన్ మిషన్ అంతకు గంట ముందే ఆరోగ్య కేంద్రానికి చేరింది. మదార్బీని ఆటోలో తీసుకొచ్చి వరండాలో పడుకోబెట్టారు. మిషన్ ఉంది. దానికి ప్లగ్గు గది లోపలుంది. గదికి తాళం ఉంది. తాళంచెవి కోసం మాస్టారు వెతుకుతున్నారని, పది నిమిషాల్లో వస్తుందని సుందరి చెప్పింది. అలా రెండు గంటలు గడిచాయి. మే నెల ఎండ. చివరికి ఆటో ఎక్కించి చీరాల తీసుకుపోతుంటే మదార్బీ దారిలోనే పోయింది. మరుసటి రోజు తాళం పగలగొట్టారు.

ఐదేళ్లయింది. తన వార్డులో ఎంతమంది పోవడం చూసిందో లెక్క లేదు. అయినా ఆ తాళంచెవి ఎక్కడ పడిపోయి ఉంటుందా అని జాయ్సీ ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తుంది. అది దొరికి ఉంటే అన్న బాధ ఆమెను వదల్లేదు.

ఒంటిగంటకి లేచి మొహం కడుక్కుని వచ్చింది. కెజియా అన్నం వండి, పప్పు తాలింపు వేసింది. ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. సగం తిన్నాక జాయ్సీయే నోరు విప్పింది.

"నిలబడతానండీ."

మాస్టారి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"సంతకాలు పెట్టడానికి కాదు. ఆ రెండు గదులూ తెరిపించాలి. ఒక నర్సుని వేయించుకోవాలి. వాళ్లు వేయకపోతే నేనే కూర్చుంటాను. సెలవు పెట్టి వెళతాను, గెలిస్తే ఉద్యోగం మానేస్తాను. అలా అయితే నిలబడతాను. మీరు పక్కనుండి చెప్పండి, వింటాను. పెత్తనం మాత్రం వద్దు."

మాస్టారు ఈ షరతు గురించి ఆలోచించలేదు. నిలబడతాను అన్న మాట తర్వాత ఆయనకేదీ చెవికెక్కినట్టు లేదు. పదేళ్లు చిన్నవాడైనట్టు లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కుని, పొద్దుటి నుంచి బల్ల మీద చల్లారి ఉన్న టీని ఎత్తి గడగడా తాగేశారు. కెజియా నవ్వాపుకోలేకపోయింది. జాయ్సీకి కూడా నవ్వొచ్చింది. ఎంత విసిగించినా ఈ మనిషి సంతోషపడితే చూడటానికి బాగుంటాడని ఆమెకి పెళ్లయిన కొత్తలోనే తెలుసు.

ఊళ్లో ఓటరు జాబితాలో ఆమె పేరున్న పేజీ కావాలని, అది తన నీలం సూట్‌కేసులో రెండో నంబరు ఫైలులో ఉంటుందని చెప్పి, ఆయన ఖుబ్జ్ రొట్టెలు, స్వీటు తేవడానికి కిందికి వెళ్లారు. మెట్లు దిగుతూ ఏదో కూనిరాగం తీయడం పైకి వినిపించింది.

మాస్టారి సూట్‌కేసు అంటే చిన్న ఆఫీసు. ఒకటో నంబరు ఫైలు సర్వీసు, రెండు ఎన్నికలు, మూడు ఇతరములు. అట్టల మీద గుండ్రటి అక్షరాలు, కింద స్కేలు పెట్టి కొట్టిన గీత. జాయ్సీ రెండో ఫైలు తీసి ఒక్కో ప్లాస్టిక్ కవరూ తిప్పింది. ఓటరు పేజీ దొరికింది. తన పేరు, తండ్రి ఇంటిపేరు పోయి దాని చోట భర్త ఇంటిపేరు. దాని వెనక కవరు బరువుగా తగిలితే అదేంటో అని తీసి చూసింది.

గీతల కాగితం మీద ఎర్ర సిరాతో 'ఆరోగ్య కేంద్రం, వేములదిబ్బ. ఛార్జి లిస్టు' అని రాసి ఉంది. కింద నీలం సిరాతో వరసగా వస్తువులు. కుర్చీలు, బల్లలు, ఫ్యాను. చివర రెండు సంతకాలకి చోటు వదిలారు. 'ఇచ్చినవారు' దగ్గర మాస్టారి సంతకం, తేదీ ఉన్నాయి. 'తీసుకున్నవారు' దగ్గర ఏమీ లేదు. కాగితం మూలకి దారంతో కట్టిన తాళంచెవి వేలాడుతోంది.

ఆమె ఆ తేదీని రెండుసార్లు చదివింది. తర్వాత మంచం మీద కూర్చుంది. కెజియా వచ్చి ఏమైంది మమ్మీ అని అడిగితే, ఏం లేదు, నువ్వెళ్లి చదువుకో అంది.

మాస్టారు ఖుబ్జ్ సంచీతో, స్వీటు డబ్బాతో వచ్చేసరికి మూడున్నర. డబ్బా మూత తీస్తూ లోపలికొచ్చి, మంచం మీదున్న కాగితాన్ని చూశారు. డబ్బా మూత మళ్లీ పెట్టేశారు.

"ఇదేంటండీ?"

"ఛార్జి లిస్టు."

"చదివాను. ఎందుకు రాశారు?"

ఆయన కుర్చీలో కూర్చుని కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడిచారు.

"పద్ధతి అది. బడిలో హెడ్మాస్టరు మారితే చాక్‌పీసు డబ్బాతో సహా రాసి, ఇద్దరూ సంతకాలు చేసుకుంటారు. ఉత్తినే తాళంచెవి సుందరి చేతిలో పెడితే, రేపు రెండు కుర్చీలు తగ్గాయని నా మీదకి రాదూ? కొత్త సర్పంచ్ వచ్చి, లెక్క చూసుకుని, సంతకం పెట్టి తీసుకోవాలి. అందుకని రాసి ఉంచాను."

"రాజ్‌కుమార్‌కి చెప్పారా, వచ్చి తీసుకోమని?"

"నేనెందుకు చెప్పాలి? కావాల్సినవాడు అతను."

"మరి సుందరి వస్తే?"

మాస్టారు మళ్లీ కళ్లజోడు తుడవసాగారు.

"సుందరి వస్తే వెతుకుతున్నానన్నారు" అంది జాయ్సీ. గొంతులో కోపం లేదు. కోపానికి కూడా కొంత బలం కావాలి. "నేను ఫోన్ చేస్తే నాకూ అదే చెప్పారు. బీరువా పైన చూడమన్నాను. వంటింట్లో మేకుకి చూడమన్నాను. ఇనప్పెట్టెలో చూడమన్నాను. అన్నిచోట్లా చూశానన్నారు. నేను ఇక్కడ యూనిఫారం కూడా విప్పకుండా కూర్చుని, ఇంకెక్కడ పెట్టి ఉంటారా అని బుర్ర బద్దలు కొట్టుకున్నానండీ ఆ రోజు."

"రాజ్‌కుమార్ ఒక్కసారి మన గుమ్మంలోకి వస్తే ఇచ్చేసేవాణ్ణి. ఒక్కసారి. నేను అక్షరాలు దిద్దించిన కుర్రాడు. గెలిచాక ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాడు. తాళం కావాలంటే తప్పక వస్తాడనుకున్నాను. ఊరంతా వరండాలో ఉంది, ఇంక వస్తాడు, ఇప్పుడొస్తాడు అనుకున్నాను."

"మిమ్మల్ని మదార్బీ ఓడించిందా?"

ఆయన తల వంచుకున్నారు. కళ్లజోడు తుడవడం ఆగిపోయింది.

వీధిలో ఎవరో కారు హారన్ కొడుతున్నారు. పక్క గదిలో కెజియా పాఠం గట్టిగా చదువుతోంది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

"లోపల పడుకోబెట్టి ఉంటే బతికేదంటావా?" అని అడిగారు మాస్టారు. ఆ ప్రశ్న ఆయన ఐదేళ్ల నుంచి దాచుకున్నదే అయి ఉండాలి. ఒక నర్సునే పెళ్లి చేసుకుని కూడా అడగలేని ప్రశ్న.

జాయ్సీ అబద్ధం చెప్పదలుచుకోలేదు. "తెలియదు. వయసు మీద పడ్డ మనిషి. బతక్కపోవచ్చు కూడా. కానీ నీడన పోయేది. వస్తుంది, వస్తుంది అని ఎదురుచూడకుండా ఆ రెండు గంటల ముందే చీరాల పోయేవాళ్లు."

"ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకున్నాను. నోరు రాలేదు. మర్నాడు తాళం పగలగొట్టారు. పగలగొట్టాక ఇంక చెవి సంగతి చెప్పి ఏం లాభం."

"పారేయనన్నా లేదే దీన్ని."

"ఎలా పారేస్తాను? ఛార్జి ఇవ్వలేదుగా ఇంకా."

ఆ మాటకి జాయ్సీ ఆయన వంక తేరిపార చూసింది. ఎగతాళి కాదు. నిజంగానే అంటున్నారు. ఈ మనిషికి సముద్రాలు దాటి వచ్చినా ఆ గది ఇంకా అప్పగించనట్టే ఉంది. ఆమెకి జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే విసుగు పుట్టింది. రోజూ పొద్దున ఏడింటికి ఆమె ఎనిమిది మంది రోగుల్ని మరో నర్సుకి అప్పగించి వస్తుంది. వారం రోజులుగా మాటలు లేని మనిషే డ్యూటీకి వచ్చినా సరే, మంచం మంచం దగ్గరా నిలబడి, ఎవరికి ఏ మందు పడిందో, ఎవరికి ఊపిరి భారంగా ఉందో నోటితో చెప్పి గానీ వార్డు దాటదు. అంత చిన్న పని ఇంత చదివిన మనిషికి ఎందుకు కష్టమైందో ఆమెకి అర్థం కాలేదు.

"నా ఎగ్జిట్ తీసేయి" అన్నారు మాస్టారు. "రీఎంట్రీ కూడా వద్దు. మళ్లీ రాకుండా ఫైనల్ ఎగ్జిట్ తీసేయి. నీకు కనబడకుండా ఎక్కడికో పోతాను."

"పారిపోవడానికి కూడా నేనే బటన్ నొక్కాలా?"

మసీదులో సాయంత్రం నమాజుకి అసర్ అజాన్ మొదలైంది. అది ముగిసి కొంచెంసేపటికి, చెప్పిన టైముకి, మాస్టారి ఫోన్ మోగింది. తెర మీద మస్తాన్ పేరు కనబడింది. మాస్టారు ఫోన్ వైపు చూశారు గానీ చెయ్యి చాపలేదు. ఆరేడుసార్లు మోగాక జాయ్సీ తీసి స్పీకర్‌లో పెట్టింది.

"అమ్మా, నమస్తే. నేను మస్తాన్‌ని" అన్నాడతను. వెనక ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది. "మాస్టారు మీకంతా చెప్పే ఉంటారు. ఫ్లెక్సీ ముందే కట్టటం తప్పేనమ్మా, మా కుర్రోళ్లు తొందరపడ్డారు. మీరేం అనుకోమాకండి. మీరొచ్చి నిలబడితే చాలు, ఎదురు నామినేషన్ ఎయ్యటానికి కూడా ఎవరూ రారు. పార్టీ సంగతి పక్కనబెట్టండి. మా అమ్మ పోయిన రోజు మీరు ఫోన్లో ఉన్నారు. ఆమెతో మాట్టాడతానే ఉన్నారు ఆటో ఎక్కిందాకా. మా ఇంట్లో ఎవరం మర్చిపోలేదు."

జాయ్సీ మంచం మీదున్న కాగితం వైపు చూసింది. ఔను అంటే ఒక్క క్షణంలో అయిపోతుంది. ఆ గదులు తెరుచుకుంటాయి, మంచాలు పడతాయి. మాస్టారు మళ్లీ ఊళ్లో తలెత్తుకు తిరుగుతారు. కాగితాన్ని ఫైలులో పెట్టేస్తే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఈ మాటలన్నీ ఆమెకి తోచాయి. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే ఆమెకి భయమేసింది.

"మస్తాన్, నేను నీకు జవాబు చెప్పేముందు మాస్టారు నీకొకటి చదివి వినిపిస్తారు. అది విన్నాక కూడా నువ్వు నన్ను రమ్మంటే వస్తాను" అంది.

"ఏంటమ్మా, షరతులా?" అని అతను నవ్వాడు.

జాయ్సీ కాగితాన్ని తీసి భర్త ఒడిలో పెట్టింది. తాళంచెవి ఆయన మోకాలికి తగిలి ఆగింది.

"వద్దు జాయ్సీ" అన్నారాయన, ఫోన్‌కి వినబడనంత మెల్లగా.

"ఛార్జి ఇవ్వలేదన్నారుగా. ఇచ్చేయండి."

గుమ్మంలో కెజియా వచ్చి నిలబడింది. ఆమెని లోపలికి పొమ్మనాలని తల్లికీ తండ్రికీ ఇద్దరికీ తోచలేదు. మాస్టారు కూతుర్ని చూశారు, భార్యని చూశారు, ఫోన్‌ని చూశారు. తర్వాత కళ్లజోడు పెట్టుకున్నారు. ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని మనిషికి చేతిలో కాగితం ఉండటం ఒక ఆధారం. క్లాసులో హాజరు పట్టీ చదివినట్టు చదవడం మొదలుపెట్టారు.

"ఆరోగ్య కేంద్రం, వేములదిబ్బ. ఛార్జి లిస్టు. ఒకటి, ప్లాస్టిక్ కుర్చీలు పద్నాలుగు. రెండు, చెక్క బల్లలు రెండు. మూడు, సీలింగ్ ఫ్యాను ఒకటి. నాలుగు, మైకు స్టాండు ఒకటి."

"ఏంటి మాస్టారూ ఇది, ఎప్పటి లిస్టు?" అన్నాడు మస్తాన్. గొంతులో ఇంకా నవ్వుంది.

మాస్టారు ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆయనకి తెలుసు.

"ఐదు, ముందు గది తాళంచెవి ఒకటి. ఇచ్చినవారు, పి. ప్రేమరాజు. తీసుకున్నవారు." అక్కడ ఆయన వేలు ఖాళీ చోటు మీద నిలిచింది. "తీసుకున్నవారు ఎవరూ లేరు. తేదీ ఎనిమిది, ఐదు, రెండువేల ఇరవై ఒకటి. అంటే, మీ అమ్మ పోవడానికి మూడు రోజుల ముందు. తాళంచెవి పోలేదు మస్తాన్. నా దగ్గరే ఉంది."

అటువైపు ట్రాక్టరు చప్పుడు దూరమవుతూ వచ్చింది. మస్తాన్ దానికి దూరంగా నడిచి వెళుతున్నట్టున్నాడు. ఫోన్ పెట్టేశాడేమోనని జాయ్సీ తెర వంక చూసింది. పెట్టలేదు. అంకెలు నడుస్తూనే ఉన్నాయి.

మాస్టారు కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. ఎన్నో వందల మంది పిల్లల్ని నిలబెట్టి జవాబు అడిగిన మనిషి. అలా నిలబడ్డ వాళ్లలో ఈ మస్తాన్ కూడా ఒకడు.

"మాస్టారూ" అన్నాడు మస్తాన్. "ఆ తేదీ ఇంకోసారి చదవండి."